పడని ఫ్లాగు, ఆగని నాలుగో డౌన్

(అరిజోనాలోని చాండ్లర్‌లో, 2026 సంక్రాంతికి తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బయట ముగ్గుల పోటీ ఇంకా నడుస్తోంది. అయినా ఇంతమంది లోపలికి వచ్చి కూర్చున్నారంటే నిరుడు జనవరి 1న అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో మన ఏఎస్‌యూ (అరిజోనా స్టేట్ యూనివర్సిటీ) టెక్సస్ చేతిలో ఓడినప్పుడు తగిలిన దెబ్బ మీలో చాలామందికి ఇంకా మానలేదన్నమాట. నాకూ మానలేదు. పిల్లలు నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు వెంటనే ఒప్పుకున్నది అందుకే. ఏడాది నుంచీ మన ఇళ్ళల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వాదన. రిఫరీ మనల్ని ఓడించాడని కొందరు, మన చేతులారా ఓడిపోయామని కొందరు. నేను రెండు పక్షాలూ ఎక్కి దిగినవాణ్ణే.

ఈ మధ్యే మన యూనివర్సిటీ ఉన్న టెంపీకి వచ్చిన విద్యార్థుల కోసం ముందు రెండు మాటలు చెప్తాను. ఈ ఆటలో పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. పది గజాలు దాటితే మళ్ళీ నాలుగు, దాన్నే ఫస్ట్ డౌన్ వచ్చింది అంటారు. దాటకపోతే బంతి అవతలి జట్టుది. అందుకే చాలా జట్లు నాలుగో డౌన్‌లో బంతిని దూరంగా తన్నేస్తాయి, దాన్నే పంట్ అంటారు. కర్రల మధ్య నుంచి తన్నితే 3 పాయింట్లు, చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆపైన అదనపు పాయింట్లకి ఒక అవకాశం. ఎవరైనా తప్పు చేస్తే అధికారి పసుపు గుడ్డ విసురుతాడు, అదే ఫ్లాగ్. మిగతాది రెండు మ్యాచ్‌లు చూస్తే మీకే వచ్చేస్తుంది.

మన ఏఎస్‌యూ జట్టు 2023లో 12 ఆటల్లో 3 గెలిచింది. 2024లో పాక్-12 అనే కాన్ఫరెన్సుని, అంటే యూనివర్సిటీ జట్ల కూటమిని, వదిలేసి బిగ్ 12 కాన్ఫరెన్సులో చేరాం. సీజన్ మొదలవకముందు వేసిన అంచనాల్లో 16 జట్లలో మనది పదహారో స్థానం. అలాంటి జట్టు డిసెంబర్ 7న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో అయోవా స్టేట్‌ని 45-19తో కొట్టి కాన్ఫరెన్సు గెలిచింది. కోచ్ కెన్నీ డిల్లింగ్‌హామ్ ఇదే యూనివర్సిటీలో చదివినవాడు. మొట్టమొదటి 12 జట్ల ప్లేఆఫ్‌లో నాలుగో సీడ్‌గా నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళాం. ఆట అట్లాంటాలో. ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ. పాస్‌లు పట్టే మన బెస్ట్ రిసీవర్ జోర్డిన్ టైసన్ కాలర్‌బోన్ గాయంతో అప్పటికే బయట కూర్చున్నాడు. మనం గెలుస్తామని చెప్పినవాళ్ళు బయట ఎవరూ లేరు.

ఆ రోజు మాకు ఇక్కడ పొద్దున 11 గంటలకి ఆట మొదలైంది. మా ఇంట్లో ఐదు కుటుంబాలు. పొయ్యి మీద బిర్యానీ, టీవీ ముందు పిల్లలు. మా తమ్ముడు కూడా ఏఎస్‌యూలోనే చదివి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. వాడికక్కడ రాత్రి పదకొండున్నర. వాడు ఫోన్‌లో, మేమిక్కడ. మొదటి సగం అయ్యేసరికి 17-3తో వెనకబడ్డాం. బంతి ఎక్కువసేపు మన దగ్గరే ఉంది, గజాలు కూడా వస్తూనే ఉన్నాయి. పాయింట్లు మాత్రం మూడే. మన పంట్‌ని పట్టుకున్న టెక్సస్ కుర్రాడు 75 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆట మొత్తం మీద మనవాళ్ళు 500 గజాలు దాటారు, టెక్సస్‌వాళ్ళు 400 కూడా చేరలేదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నాలుగో క్వార్టర్‌లో 24-8 అయింది. బిర్యానీ వడ్డించేద్దామా అని మా ఆవిడ అడిగింది. ఇంకాసేపు ఆగమన్నాను. అప్పుడు మన కామ్ స్కాటబో లేచాడు. పరిగెత్తడం వాడి పని, కానీ వాడే బంతి విసిరి 42 గజాల టచ్‌డౌన్ చేయించాడు. తర్వాత వాడే పరిగెత్తి ఇంకోటి చేశాడు. రెండుసార్లూ రెండేసి అదనపు పాయింట్లు వచ్చాయి. 24-24. మా హాల్లో ఎవరూ కుర్చీల్లో లేరు. హైదరాబాద్ నుంచి తమ్ముడి అరుపు ఫోన్‌లో కంటే గట్టిగా వినిపించినట్టు అనిపించింది.

ఇక మీరందరూ వెయ్యిసార్లు చూసిన సీను. నిమిషంన్నర పైన ఉండగా టెక్సస్ కిక్కర్ 48 గజాల కిక్ తప్పాడు. బంతి మనకొచ్చింది. మూడో డౌన్, 15 గజాలు కావాలి. మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, శామ్ లెవిట్ మైదానం మధ్యలోకి విసిరాడు, మన రిసీవర్ మెల్క్వాన్ స్టోవల్ పట్టుకున్నాడు. పట్టుకుని తిరిగాడో లేదో టెక్సస్ సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక కాపలా ఉండేవాడు) మైఖేల్ టాఫ్ వచ్చి గుద్దాడు. హెల్మెట్‌కి హెల్మెట్. స్టోవల్ పడిపోయాడు. మైదానంలో ఫ్లాగ్ పడలేదు. ఆట ఆపి పై గదిలో రివ్యూ చేశారు. స్లో మోషన్‌లో ఆ రెండు హెల్మెట్‌లు కలిసిన క్షణాన్ని టీవీలో పదేపదే వేశారు. మా పెద్దవాడు లేచి టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించాడు, "ఇక్కడే నాన్నా, ఇక్కడే" అని. తర్వాత రిఫరీ మైకులో టార్గెటింగ్, అంటే తల మీద గురిపెట్టి గుద్దిన తప్పు, లేదన్నాడు. అంతే. ఎందుకు లేదో చెప్పలేదు.

అది టార్గెటింగే అని తేల్చి ఉంటే 15 గజాలు, ఫస్ట్ డౌన్ వచ్చేవి. బంతి టెక్సస్ 40 గజాల గీత లోపలికి వెళ్ళేది. నిమిషం పైన టైమ్ ఉండేది. టాఫ్ ఆట నుంచి బయటికి పోయేవాడు, తర్వాతి ఆటలో మొదటి సగం కూడా ఆడే వీలుండేది కాదు. అవేవీ జరగలేదు. నాలుగో డౌన్‌లో పంట్ చేశాం.

(సభలో నుంచి: "అన్నా, మీ లెక్కలో అది టార్గెటింగేనా కాదా?")

అవును తమ్ముడూ, నా లెక్కలో అది టార్గెటింగే. అలాగని రివ్యూ గదిలో ఉన్నవాళ్ళని దొంగలని అనను. రూల్ ఎలా ఉందో చూద్దాం. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి, హెల్మెట్ నడినెత్తితో ఎవరినైనా బలంగా గుద్దకూడదు. రెండోది, తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్న ఆటగాణ్ణి తల మీద గానీ మెడ మీద గానీ బలంగా గుద్దకూడదు. అప్పుడే బంతి పట్టుకుని ఇంకా సర్దుకోని రిసీవర్ ఆ స్థితిలో ఉన్నవాడి కిందే లెక్క. తగిలితే చాలదు, గుద్దినవాడిలో ఒక సూచన కూడా కనపడాలి. ఎగిరి దూకడం, కిందికి వంగి పైకి లేస్తూ గుద్దడం, తల దించి నడినెత్తి ముందుకు పెట్టడం, హెల్మెట్‌తోనో భుజంతోనో మోచేత్తోనో తలనే గురి చూడడం, వీటిలో కనీసం ఒకటి. 2013 నుంచి ఈ తప్పు చేసినవాణ్ణి ఆట నుంచి పంపించేస్తున్నారు. శిక్ష పెద్దది కాబట్టి 2019లో రివ్యూని కఠినం చేశారు. అన్ని అంశాలూ వీడియోలో ఖాయంగా కనిపిస్తేనే తప్పు కింద లెక్క. ఒక్కటి అనుమానంగా ఉన్నా తప్పు లేనట్టే.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. డీఆర్‌ఎస్‌లో బంతి వికెట్లకి అంచున తగిలితే అంపైర్స్ కాల్ అంటారు, మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలబడుతుంది. టార్గెటింగ్ రివ్యూలో 2019 తర్వాత ఆ మధ్యదారి లేదు. ఉందా, లేదా, అంతే. స్టోవల్‌ని గుద్దినప్పుడు టాఫ్ తల ఎంత దించాడు, గురి తల మీదేనా, ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు వస్తున్నారా, ఇలాంటి ప్రశ్నల మీద ఆ గదిలో ఏదో ఒక అంశం ఖాయం కాలేదని అనుకుని ఉండాలి. నా కళ్ళకి ఖాయంగానే కనిపించింది. ఆట అయ్యాక టార్గెటింగ్ అంటే ఏమిటో తనకే అర్థం కావడం లేదని డిల్లింగ్‌హామ్ అన్నాడు. ఇన్నేళ్ళు ఈ ఆటలోనే బతికిన మనిషి నోట ఆ మాట రావడం నన్ను బాధపెట్టింది. బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ కూడా దేశమంతటికీ ఒకే ప్రమాణం కావాలని అన్నాడు. ఈ అధికారులను నియమించేది, శిక్షణ ఇచ్చేది ఒక్కో కాన్ఫరెన్సు విడివిడిగా. చాలామందికి ఇది శని, ఆదివారాల పని, మిగతా రోజుల్లో వేరే ఉద్యోగం.

ఇప్పుడు నాకు నచ్చని మాట ఒకటి. "మీరు ముందే పాయింట్లు కొట్టి ఉంటే రిఫరీ మీద ఆధారపడేవాళ్ళే కాదు కదా" అని చాలామంది అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఇంటర్‌లో ఒక పిల్లవాడికి పేపర్‌లో మార్కులు కూడడంలో తప్పు జరిగి ఐదు మార్కులు పోయాయనుకోండి. "నువ్వు బాగా చదివి తొంభై తెచ్చుకుంటే ఈ ఐదూ లెక్కే కాదు కదా" అని ఏ తల్లైనా, తండ్రైనా అంటారా? వాడు రాయకుండా వదిలేసిన ప్రశ్న వాడి తప్పు, కూడిక తప్పు దిద్దినవాళ్ళది. అందుకే మన దగ్గర రీకౌంటింగ్‌కి ఫీజు కట్టి మరీ అప్లికేషన్ పెడతారు. వదిలేసిన ప్రశ్న ఉంది కదా అని ఏ బోర్డూ రీకౌంటింగ్ ఆపదు.

అయితే వదిలేసిన ప్రశ్నలు కూడా చూడాలి. అన్ని గజాలు నడిచి 60 నిమిషాల్లో 24 పాయింట్లే చేశామంటే, చేను పండినా గింజలు కళ్ళం దాకా రాలేదన్నట్టే. ఆ ఫ్లాగ్ పడి ఉంటే గెలిచేవాళ్ళమని ఖాయంగా అనేవాళ్ళకి నేను అక్టోబర్ గుర్తుచేస్తాను. 2024 అక్టోబర్ 19న సిన్సినాటిలో 24-14తో ఓడిపోయినప్పుడు మన కిక్కర్ రెండు కిక్‌లు తప్పాడు. ఆట అవగానే డిల్లింగ్‌హామ్ సోమవారం కిక్కర్ల కోసం సెలెక్షన్స్ పెడతానని చెప్పాడు. సీజన్ మధ్యలో కిక్కర్‌ని వెతుక్కున్న జట్టు మనది. ఫస్ట్ డౌన్ వచ్చినా ఇంకొన్ని గజాలు నడవాలి, తర్వాత కర్రల మధ్య నుంచి తన్నాలి. మరోటి కూడా ఉంది. మన పంట్ తర్వాత టెక్సస్ గబగబా వచ్చి చివరి సెకన్లలో 38 గజాల కిక్ కొట్టింది. బంతి కర్రకి తగిలి బయటపడింది. అదృష్టం ఆ రోజు మనవైపు కూడా వచ్చింది.

అసలు నాకు రాత్రిళ్ళు గుర్తొచ్చేది ఆ గుద్దు కాదు. దాని తర్వాత ఓవర్‌టైమ్‌లో వచ్చిన నాలుగో డౌన్. అందులో రెండు జట్లకీ చెరో వంతు వస్తుంది. మనం ముందు ఆడి టచ్‌డౌన్ చేశాం, 31-24. టెక్సస్ వంతు. వాళ్ళని వెనక్కి నెట్టుకుంటూ నాలుగో డౌన్, 13 గజాల దాకా తెచ్చాం. ఆ ఒక్కటి ఆపితే సెమీఫైనల్. మా హాల్లో పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. మా అత్తగారికి ఈ ఆట ఏమీ తెలియదు, ఆవిడ కూడా దేవుడి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మన డిఫెన్స్ బ్లిట్జ్ చేసింది. అంటే వెనక కాపలా తగ్గించి ఎక్కువమందిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపింది. అవతల క్విన్ ఎవర్స్ అది ముందే పసిగట్టి, గీత దగ్గరే ప్లే మార్చేశాడు. మాథ్యూ గోల్డెన్ ఖాళీగా దొరికాడు. 28 గజాలు. టచ్‌డౌన్. ఆ ప్లేలో రిఫరీ పాత్ర ఏమీ లేదు. పదమూడు గజాలు కావాల్సినప్పుడు వెనక మనిషిని పెట్టుకుని ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటాను. దూకుడుగా ఆడబట్టే అంతదూరం వచ్చామని మా తమ్ముడు అంటాడు. వాడిదీ న్యాయమే. రెండో ఓవర్‌టైమ్‌లో టెక్సస్ మొదటి ప్లేలోనే టచ్‌డౌన్ చేసి, రెండు పాయింట్లు కూడా తెచ్చుకుంది. మన చివరి పాస్‌ని వాళ్ళు పట్టేసుకున్నారు. 39-31.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున తమ్ముడు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. బిర్యానీ మేం చల్లారాక తిన్నాం.

మా ఊళ్ళో సంక్రాంతికి చెడుగుడు ఆడేవాళ్ళం. పొలం పక్కన సున్నంతో గీతలు గీసి. ఒకసారి చివరి కూతకి నేనే వెళ్ళాను. ఇద్దరిని తాకి వెనక్కి వస్తుంటే కూత తెగిందని డ్రిల్లు మాస్టారు విజిల్ వేశారు. తెగలేదని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. ఆ రాత్రి చీకటిపడేదాకా గట్టు మీద కూర్చుని మాస్టారిని తిట్టాం. అప్పుడు మా బాబాయి వచ్చి, "కూత తెగలేదురా, నేనూ విన్నాను. మరి అంతకుముందు కూతలో ఆ సన్నటి కుర్రాడు నీ చేతుల్లోంచి ఎలా జారిపోయాడు?" అని అడిగాడు. ఆ రెండు ముక్కలూ ఆయన ఒకే గొంతుతో అన్నాడు. మొదటిది చెప్పి నన్ను ఓదార్చలేదు, రెండోది చెప్పి మొదటిదాన్ని కొట్టేయలేదు.

ఆ రెండు పద్దులూ వేరు వేరుగా రాసుకోమనే నేనూ అంటున్నాను. అలా రాసుకోవడం మొదలుపెడితే ఇంకో పాత పేజీ కూడా తెరవాల్సి వస్తుంది. అదే ఈ రోజు నేను ఇక్కడికి రావడానికి అసలు కారణం.

2013 సెప్టెంబర్ 14. టెంపీలో, మన స్టేడియంలో, విస్కాన్సిన్‌తో ఆట. అప్పుడు నేను మాస్టర్స్ విద్యార్థిని, స్టూడెంట్ సెక్షన్‌లో ఉన్నాను. మనం 32-30తో ముందున్నాం. విస్కాన్సిన్ మన గీతకి చాలా దగ్గరికొచ్చేసింది. ఇరవై సెకన్ల లోపు ఉంది. ఒక మామూలు కిక్ కొడితే వాళ్ళదే గెలుపు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోయెల్ స్టేవ్ బంతిని మధ్యకి తేవడానికి పక్కకి పరిగెత్తి మోకాలు ఆనించి బంతి నేల మీద పెట్టాడు. మోకాలు ఆనగానే ప్లే అయిపోయినట్టు. మనవాళ్ళు బంతి జారిపోయిందనుకుని దాని మీద పడుకున్నారు. అధికారులు వెంటనే వాళ్ళని లేపి బంతి పెట్టించాలి. ఆ పని చేయలేదు. విస్కాన్సిన్ కుర్రాళ్ళు వరుసలో నిలబడి చేతులు చూపిస్తూనే ఉన్నారు, గడియారం నడుస్తూనే ఉంది, సున్నాకొచ్చింది. ఆట అయిపోయింది. తర్వాత పాక్-12 ఆ అధికారులని బహిరంగంగానే మందలించింది. ఫలితం మాత్రం మారలేదు.

ఆ రాత్రి నేను ఏం చేశానో చెప్తాను. గొంతు పోయేలా అరిచాను. మిల్ అవెన్యూ అంతా పసుపు చొక్కాలు. అధికారుల తప్పు గురించి మాలో ఒక్కడు కూడా మాట్లాడలేదు. మర్నాడు ల్యాబ్‌లో విస్కాన్సిన్‌లో చదివొచ్చిన ఒకతను బాధపడుతుంటే, "మీవాడు బంతిని నేల మీద ఎందుకు పెట్టాలి? సరాసరి రిఫరీ చేతికి ఇవ్వొచ్చు కదా" అన్నాను. అవకాశాలు మీరే పోగొట్టుకున్నారన్న మాటే అది. నిరుడు నాకు కోపం తెప్పించిన ఆ మాటే అప్పుడు నేను అతనికి చెప్పాను. అతను ఏమీ అనలేదు, సరే అని తల ఊపి తన పని చూసుకున్నాడు. 2025 జనవరి 1 సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక గిన్నెలు కడుగుతుంటే నాకు అతని మొహం గుర్తొచ్చింది. పేరు తెలుసు, నంబరు లేదు.

ఆ స్టేడియం మీద ఇలాంటి రాత్రులు ఇంకా ఉన్నాయి. 2003 జనవరి 3న అక్కడే జాతీయ ఛాంపియన్‌షిప్ జరిగింది, మయామీకి, ఒహాయో స్టేట్‌కి మధ్య. ఓవర్‌టైమ్‌లో నాలుగో డౌన్ పాస్ కింద పడగానే మయామీ ఆటగాళ్ళు గెలిచామనుకుని మైదానంలోకి దూసుకొచ్చేశారు. అప్పుడు, ఆలస్యంగా, ఒక అధికారి ఫ్లాగ్ వేశాడు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అన్నాడు. ఒహాయో స్టేట్‌కి మళ్ళీ ప్రాణం వచ్చింది, రెండో ఓవర్‌టైమ్‌లో 31-24తో గెలిచింది. ఇరవై ఏళ్ళు దాటినా దాని మీద తెగని వాదన. మన వాదనకి ఇంకా ఏడాదే నిండింది.

దిద్దుకున్నవాళ్ళు కూడా ఒకరున్నారు. 1940 నవంబర్‌లో కార్నెల్, డార్ట్‌మౌత్ ఆడుతుంటే రిఫరీ లెక్క తప్పి కార్నెల్‌కి నాలుగు డౌన్‌ల బదులు ఐదు ఇచ్చాడు. ఆ ఐదో దాంట్లోనే టచ్‌డౌన్ వచ్చి కార్నెల్ 7-3తో గెలిచింది. అప్పటికి చాలాకాలంగా ఓటమి ఎరగని జట్టు. తర్వాత ఫిల్మ్ చూస్తే ఐదు డౌన్‌లని తేలింది. రిఫరీ తప్పు ఒప్పుకున్నాడు. కార్నెల్ తనంతట తానే గెలుపు వదులుకుంది, డార్ట్‌మౌత్ 3-0తో గెలిచినట్టు రాసుకున్నారు. 1990లో కొలరాడోకి మిస్సోరీ మీద అలాగే ఐదో డౌన్ దొరికింది. వాళ్ళు ఆ గెలుపు ఉంచుకున్నారు, ఆ ఏడు జాతీయ టైటిల్‌లో భాగం కూడా తీసుకున్నారు. 2013 రాత్రి నన్ను అడిగి ఉంటే నేనూ ఉంచుకుందామనే అనేవాణ్ణి.

పిల్లలు నన్ను ఇంకో మాట కూడా అడిగారు, మరి ఏం చేయాలని. గెలుపోటములు మార్చమని నేను అడగను. నిర్ణయం చెప్పేటప్పుడు కారణం చెప్పాలి. ఆ రోజు రిఫరీ "ఫలానా అంశం ఖాయం కాలేదు" అని ఒక్క వాక్యం అని ఉంటే, మా పెద్దవాడు కోపం తెచ్చుకునేవాడు గానీ మోసం జరిగిందని అనుకునేవాడు కాదు. ఇది జరగని పని కాదు. 2025 సీజన్‌లో ఏసీసీ కాన్ఫరెన్సు రివ్యూ గదిలో అధికారులు ఏం మాట్లాడుకుంటున్నారో టీవీలో వినిపించడం మొదలుపెట్టింది. వాళ్ళు ఏ ఫ్రేమ్ చూస్తున్నారు, దేనికి తడబడుతున్నారు, అన్నీ మన చెవులకే వినిపిస్తాయి. ప్లేఆఫ్ ఆటలన్నింటికీ అది పెట్టాలి. రివ్యూలన్నీ ఒకేచోట, ఒకే శిక్షణ ఉన్నవాళ్ళు చేయాలి. ఇంత డబ్బు తిరిగే ఆటలో అది పెద్ద ఖర్చేమీ కాదు.

సరే, ముగ్గుల ఫలితాలు చెప్పే టైమ్ అవుతోందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. మనకి పది నిమిషాలున్నాయి. రెండు వీడియోలు తెచ్చాను. ఒకటి స్టోవల్‌ది, మీ అందరికీ తెలిసిందే. ఇంకోటి విస్కాన్సిన్‌ది, 2013ది. ఈ హాల్లో ఉన్న విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ రెండోది చూసి ఉండరు. ముందు అదే వేద్దాం. ఆ లైట్లు కాస్త తగ్గించండి బాబూ.